జారని వెనక చక్రం కోసం: ట్రయల్స్ బైక్ డిస్క్ బ్రేకు డైరీ

ఆదివారం

వెనక రిమ్‌కు మళ్లీ సొట్ట పడింది. కాలు నేల మీద పెట్టకుండా సైకిల్‌తో రాళ్లు, గోడలు ఎక్కే ఆట ట్రయల్స్. రాతి అంచు మీదికి ఎగిరినప్పుడు వెనక చక్రం కాస్త ముందుగా దిగితే ఇందులో ఇది తప్పదు. మామూలు సైకిల్ అయితే సొట్టను కొంచెం సరిచేసుకుని తొక్కేయవచ్చు. నా బైక్‌కు వెనక ఉన్నది మగూరా హెచ్‌ఎస్33. రిమ్ గోడలనే రెండు వైపుల నుంచి నొక్కి పట్టే హైడ్రాలిక్ బ్రేకు అది. సొట్ట దగ్గర ప్యాడ్ ఒకలా పట్టుకుంటుంది, మిగతా చోట్ల ఇంకోలా. వెనక చక్రం మీద నిలబడి గెంతుతున్నప్పుడు రిమ్‌లో ఏ భాగం ప్యాడ్ల మధ్యకు వస్తుందో మనం ఎంచుకోలేం. అందువల్ల ఏ గెంతులో పట్టు తగ్గుతుందో ముందే తెలియదు. ఆ టెన్షన్ పెట్టుకుని గోడ అంచు మీద నిలబడలేను.

హెచ్‌ఎస్33 అంటే నాకు చాలా గౌరవం. యాంగిల్ గ్రైండర్‌తో రిమ్ గోడలను గరుకు చేసి, గట్టి ప్యాడ్లు వేస్తే పొడి నేల మీద దాని పట్టు చూసి తీరాలి. కానీ ఆ గరుకు అరిగిపోతుంది. మళ్లీ గ్రైండర్ పట్టాలి. పట్టిన ప్రతిసారీ గోడ పలచబడుతుంది, పలచబడిన గోడకు సొట్ట ఇంకా తేలిగ్గా పడుతుంది. ఈసారి రిమ్ మార్చి ఊరుకోకుండా వెనక కూడా డిస్క్ పెట్టేస్తున్నాను. ముందు చక్రానికి డిస్క్ ఎప్పటి నుంచో ఉంది. ముందు డిస్క్, వెనక రిమ్ బ్రేకు అనే జోడీ ట్రయల్స్‌లో చాలామంది వాడేదే. నా ఫ్రేముకు వెనక డిస్క్ మౌంటు ఉంది, ఇన్నాళ్లూ దాన్ని వాడలేదు.

ఆదివారం, రాత్రి

కొనే ముందు కాగితం మీద లెక్క వేసుకున్నాను.

26 అంగుళాల రిమ్ మీద ప్యాడ్ పట్టే చోటు ఇరుసు నుంచి సుమారు 275 మి.మీ. దూరంలో ఉంటుంది. 160 మి.మీ. డిస్క్ మీద ప్యాడ్ మధ్యభాగం ఇరుసు నుంచి సుమారు 70 మి.మీ. దూరంలో ఉంటుంది, 180 డిస్క్ మీద సుమారు 80. చక్రాన్ని అంతే గట్టిగా పట్టి ఉంచాలంటే డిస్క్ దగ్గర ఘర్షణ బలం మూడున్నర నుంచి నాలుగు రెట్లు కావాలి. హైడ్రాలిక్ డిస్క్ కాలిపర్ (ప్యాడ్లతో డిస్క్‌ను రెండు వైపుల నుంచి నొక్కే భాగం) ఆ బలం ఇవ్వగలదు, అయితే ఏదో ఒకటి తెచ్చి బిగిస్తే ఇవ్వదు. 160 నుంచి 180కి పోతే వేలితో అదే బలం పెట్టినా పట్టు 14 శాతం పెరుగుతుంది. ఫ్రేము తయారీదారు వెనక 180 వరకు ఒప్పుకుంటున్నాడు కాబట్టి వెనక 180 ఖాయం. ముందు ఫోర్కు 160కే పరిమితం, అది అలాగే ఉంటుంది.

20 అంగుళాల బైక్ అయితే నేను 180 వైపు చూడను. చిన్న చక్రానికి డిస్క్ అడుగు అంచు నేలకు చాలా దగ్గరగా వస్తుంది, మొదటి రాయికే వంగుతుంది.

బ్రేకుల గురించి చదివినప్పుడల్లా వేడి గురించే ఎక్కువ కనిపిస్తుంది. కొండ దిగేవాళ్లకు అది నిజమైన సమస్య: నిమిషాల తరబడి బ్రేకు నొక్కితే డిస్క్ కాలిపోతుంది, ద్రవం మరుగుతుంది, లివర్ హ్యాండిల్ బార్‌కు అంటుకుంటుంది. ట్రయల్స్‌లో బ్రేకు దాదాపు ఎప్పుడూ చల్లగానే ఉంటుంది. ఇక్కడ కదులుతున్న చక్రాన్ని ఆపే పని తక్కువ. ఆగి ఉన్న చక్రాన్ని ముందుకూ వెనక్కూ వెంట్రుకవాసి కూడా జరగకుండా పట్టుకోవాలి. వెనక చక్రం మీద నిలబడి, శరీరాన్ని ముందుకు విసరబోయే క్షణంలో బ్రేకు జారిందంటే బైక్ కాళ్ల కింద నుంచి ముందుకు పోతుంది, మనం వీపు మీద పడతాం. అందుకని ఈ పనిలో ప్రతి వస్తువునూ మూడు ప్రశ్నలతో చూడాలి. చల్లగా ఉన్నప్పుడు ఎంత పట్టు? వెనక్కి తిరిగేటప్పుడు కూడా అంతే పట్టు ఉందా? పట్టుకున్నాక ఎక్కడైనా లూజు ఉందా?

మంగళవారం

బ్రేకు ఎంపిక. ఇందులో ఇష్టాయిష్టాలు చాలా ఉంటాయి, నావి చెబుతాను.

ఇంగ్లండ్‌కు చెందిన హోప్ సంస్థ ట్రయల్స్ కోసమే ప్రత్యేకంగా బ్రేకులు చేసింది. విడిభాగాలన్నీ విడిగా దొరకడం వాళ్ల బలం. వాటిలో వాడేది డాట్ ద్రవం, అంటే కార్ల బ్రేకుల్లో పోసే రకం. షిమానో పెద్ద బ్రేకుల్లో సర్వోవేవ్ అనే లివర్ ఉంటుంది: నొక్కడం మొదలుపెట్టగానే ప్యాడ్లను త్వరగా డిస్క్ దాకా తెచ్చి, ఆ తర్వాత బలం పెంచే నిష్పత్తిలోకి మారుతుంది. వేలికి హాయిగా ఉంటుంది. కానీ సగం పట్టు, పావు పట్టు అని కొలిచి ఇవ్వాల్సిన చోట ఆ మార్పు నాకు ఇబ్బందిగా తోస్తుంది. కేబుల్‌తో నడిచే ఎవిడ్ బీబీ7ను ఇష్టపడే ట్రయల్స్ రైడర్లు కూడా ఉన్నారు, సెట్ చేయడం, బాగుచేయడం రెండూ సులువు కాబట్టి. మొదటి బైక్‌కు డిస్క్ పెట్టుకునేవాళ్లకు నేను ఇప్పటికీ దాన్ని చెబుతాను.

నేను తీసుకున్నది మగూరా ఎంటీ5. ఒక్కో కాలిపర్‌లో 17 మి.మీ. పిస్టన్లు నాలుగు. ఒక వైపు రెండు పిస్టన్ల వైశాల్యం కలిపితే సుమారు 454 చదరపు మి.మీ. రెండు పిస్టన్ల కాలిపర్లలో మామూలుగా కనిపించే 22 మి.మీ. పిస్టన్ వైశాల్యం 380. అంటే లివర్ దగ్గర ఒత్తిడి ఒకటే అయినా డిస్క్‌ను నొక్కే బలం దాదాపు 20 శాతం ఎక్కువ. ఇది ఊరికే రాదు. ఎక్కువ వైశాల్యాన్ని కదపాలంటే ఎక్కువ ద్రవం పోవాలి, లివర్ ఎక్కువ దూరం నడవాలి. ప్యాడ్లకూ డిస్క్‌కూ మధ్య సందు ఏమాత్రం ఎక్కువున్నా లివర్ బార్ దగ్గరికి వచ్చేస్తుంది. అందుకే ఇలాంటి కాలిపర్‌కు అమరిక, బ్లీడింగ్ (ద్రవంలోంచి గాలి బుడగలు తీసేయడం) రెండూ శుభ్రంగా ఉండాలి.

ద్రవం గురించి ఒక మాట. డాట్ 5.1కు మరిగే ఉష్ణోగ్రత కొత్తగా ఉన్నప్పుడు కనీసం 260 డిగ్రీల సెల్సియస్ ఉండాలని ప్రమాణం. నీరు పీల్చుకున్నాక కనీసం 180. కొండ దిగేవాళ్లకు ఆ అంకెలు ముఖ్యం. నాకు వేడి సమస్యే లేదు కాబట్టి ఆ లాభం నాకు అందదు. నష్టం మాత్రం అందుతుంది: డాట్ ద్రవం పెయింటును తినేస్తుంది, చర్మానికి మంచిది కాదు, గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ట్రయల్స్‌లో బైక్ రాళ్ల మీద పడుతూనే ఉంటుంది. గొట్టం తెగడం, మళ్లీ బ్లీడ్ చేయడం మామూలు. ఎంటీ5లో పోసే మినరల్ ఆయిల్ అయితే గుడ్డతో తుడిచేస్తే చాలు. కాకపోతే ఒకదాని బదులు ఇంకొకటి పోయకూడదు. డాట్ కోసం చేసిన సీళ్లు మినరల్ ఆయిల్‌లో ఉబ్బి పాడైపోతాయి, మినరల్ ఆయిల్ సీళ్లు డాట్‌లో పడినా పాడవుతాయి.

లివర్ మాత్రం ఒక్క వేలికి సరిపోయే చిన్న అల్యూమినియం బ్లేడు విడిగా తెప్పించాను. ట్రయల్స్ రైడర్ డానీ మెకాస్కిల్‌తో కలిసి మగూరా చేసిన హెచ్‌సీ3 లివర్‌లో దూరంతో పాటు బలం నిష్పత్తి కూడా మార్చుకోవచ్చు. చాలా మంచి వస్తువు, ప్రస్తుతానికి నా అవసరం మామూలు బ్లేడుతో తీరుతుంది.

శుక్రవారం

చక్రం అల్లడం పూర్తయింది. చక్రం మధ్యలో 135 మి.మీ. హబ్, 32 స్పోకులు, రెండు వైపులా మూడు దాటుల అల్లిక (ఒక్కో స్పోకు మరో మూడింటిని దాటేలా). రిమ్ బ్రేకు చక్రంలో బ్రేకు బలం నేరుగా రిమ్ మీదే పడుతుంది. డిస్క్ చక్రంలో ఆ బలమంతా హబ్ నుంచి స్పోకుల మీదుగా రిమ్‌కు చేరాలి. స్పోకులు వదులుగా ఉంటే హబ్ ఆగినా రిమ్ కొద్దిగా మెలితిరుగుతుంది, అది కాళ్ల కింద రబ్బరులా తెలుస్తుంది. కాబట్టి బిగుతు కొలిచే టెన్షన్ మీటర్‌తో ఒక్కో స్పోకు చూసి, రిమ్ తయారీదారు చెప్పిన పైహద్దుకు దగ్గరగా బిగించాను. డిస్క్ ఉన్న చక్రానికి స్పోకులను హబ్ నుంచి నేరుగా రేడియల్‌గా వేయకూడదన్నది కూడా ఇందుకే.

శనివారం

ఈ రోజంతా లూజు వేటలో గడిచింది. నా దృష్టిలో మొత్తం ప్రాజెక్టులో అసలైన భాగం ఇదే.

ట్రయల్స్‌లో బ్రేకు పట్టుకుని బైక్‌ను ముందుకూ వెనక్కూ ఊపితే "టక్, టక్" అని చిన్న చప్పుడు వస్తే ఎక్కడో ఏదో జరుగుతోందని అర్థం. డిస్క్ దగ్గర 0.3 మి.మీ. జరిగితే టైరు దగ్గర అది నాలుగు రెట్లకు పైగా, అంటే దాదాపు 1.25 మి.మీ. అవుతుంది. టైరు వ్యాసార్థం సుమారు 335, డిస్క్ పట్టు 80 దగ్గర, అందుకని. ఒక మిల్లీమీటరే కదా అనిపిస్తుంది. సన్నటి అంచు మీద వెనక చక్రంతో నిలబడినవాళ్లకు ఆ ఒక్క మిల్లీమీటరు ఎంత పెద్దదో తెలుసు.

లూజు మూడు చోట్ల పుడుతుంది.

మొదటిది డిస్క్ లోపలే. రెండు ముక్కలుగా చేసి రివెట్లతో కలిపిన డిస్క్‌లు వేడికి వంగకుండా ఉంటాయని మంచి పేరు. ఆ రివెట్లలో కొత్తగా ఉన్నప్పుడు లూజు తెలియకపోవచ్చు. ముందుకూ వెనక్కూ పడే దెబ్బలకు కాలక్రమంలో అవి వదులవుతాయి. వేడి మనకు సమస్య కాదు కాబట్టి ఆ డిస్క్ వల్ల లాభం లేదు. ఒకే రేకు నుంచి కోసిన డిస్క్ తీసుకున్నాను. మందం 2 మి.మీ. ఇది మగూరా కాలిపర్‌కు కావలసిన మందం. షిమానో డిస్క్‌లు 1.8 మి.మీ. ఉంటాయి. కొత్త మగూరా డిస్క్ మొదలయ్యే మందానికీ, అది అరిగి తీసేయాల్సిన మందానికీ (1.8) తేడా 0.2 మాత్రమే. అంటే 1.8 డిస్క్ ఈ కాలిపర్‌లో వేస్తే అరిగిపోయిన డిస్క్‌తో మొదలుపెట్టినట్టే: పిస్టన్లు ఎక్కువ బయటికి రావాలి, లివర్ ఎక్కువ నడవాలి.

రెండవది డిస్క్ బోల్టులు. డిస్క్ రంధ్రాలు బోల్టు కన్నా కాస్త పెద్దవి. మామూలు బైక్‌లో బ్రేకు ఒక వైపే లాగుతుంది కాబట్టి డిస్క్ ఆ వైపుకు సర్దుకుని ఊరుకుంటుంది. ఇక్కడ రెండు వైపులా లాగుతుంది. బోల్టు బిగుతు తగ్గితే డిస్క్ ఆ సందులో ఊగుతూ రంధ్రాలను పెద్దవి చేస్తుంది. హబ్ ముఖం శుభ్రం చేసి, మరకు పట్టే జిగురు రాసి, నక్షత్రం ఆకారంలో ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగిస్తూ టార్క్ రెంచ్‌తో 4 న్యూటన్ మీటర్ల దగ్గర ఆపాను.

మూడవది కాలిపర్‌లో ప్యాడ్. దీని గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు. ప్యాడ్ వెనక ఉన్న ఇనుప పలక కాలిపర్ గాడిలో కూర్చుంటుంది. పలకకూ గాడి గోడకూ మధ్య కొంచెం సందు ఉండాలి, లేకపోతే ప్యాడ్ డిస్క్ వైపుకూ వెనక్కూ జారదు. చక్రం ముందుకు లాగినప్పుడు ప్యాడ్ ఒక గోడకు ఆనుతుంది, వెనక్కి లాగినప్పుడు రెండో గోడకు పోతుంది. ఆ ప్రయాణమే "టక్". మగూరా కాలిపర్లలో పిస్టన్లలో ఉన్న అయస్కాంతం ప్యాడ్‌ను పట్టుకుని ఉంచుతుంది, అయితే శరీర బరువు ముందు ఆ అయస్కాంతం ఆగదు. వర్నియర్‌తో నా దగ్గరున్న ప్యాడ్ల పలకలన్నీ కొలిచాను. వేర్వేరు తయారీవి కాబట్టి వెడల్పులో తేడాలు ఉన్నాయి. అన్నిటికన్నా వెడల్పుగా ఉండి, పెయింటు గీకితే గాడిలో స్వేచ్ఛగా జారే జత వెనకకు పెట్టాను. కొందరు సందులో పలుచటి రేకు ముక్కలు దూరుస్తారు. నేను దానికి ఒప్పుకోను. ఆ రేకు పక్కకు జరిగి ప్యాడ్‌ను బిగదీస్తే ప్యాడ్ వెనక్కి రాదు, డిస్క్‌కు రాసుకుంటూనే ఉంటుంది.

ఆదివారం

కాలిపర్ బిగించాను. ఫ్రేము మౌంటు బోల్టుల మధ్య దూరం 74 మి.మీ., అది 160 డిస్క్‌కు చేసింది. 180 కోసం 20 మి.మీ. పెంచే అడాప్టర్ వేశాను. మౌంటు ముఖాల మీద పెయింటు మందంగా ఉంది, ఒక వైపు ఎక్కువ, ఇంకో వైపు తక్కువ. పెయింటు మీద కాలిపర్ బిగిస్తే అది వంకరగా కూర్చుంటుంది. పెయింటు నలిగేకొద్దీ బోల్టూ వదులవుతుంది. గీకి లోహం దాకా తెచ్చాను.

బోల్టులు వదిలి, లివర్ నొక్కి పట్టి, అలాగే బిగించేయమని అందరూ చెప్పే పద్ధతి ఉంది. బోల్టు చివరి తిప్పులో కాలిపర్‌ను తనతో లాక్కుపోతుంది కాబట్టి ఆ పద్ధతితో అమరిక సగమే వస్తుంది. నేను కాలిపర్ వెనక తెల్ల కాగితం పెట్టి, పైనుంచి చూస్తూ, డిస్క్‌కు రెండు వైపులా సన్నటి తెల్ల గీతలు సమానంగా కనిపించేదాకా జరుపుతాను. రెండు బోల్టులనూ మార్చి మార్చి కొంచెం కొంచెంగా బిగించి 6 న్యూటన్ మీటర్ల దగ్గర ఆపుతాను. ఈ ఓపిక ఎందుకంటే, కాలిపర్ ఒక వైపుకు ఉంటే ఒక ప్యాడ్ ముందుగా తగిలి డిస్క్‌ను రెండో ప్యాడ్ దాకా వంచుతుంది. ఆ వంగుడు లివర్‌లో మెత్తగా తెలుస్తుంది. చాలామంది అది గాలి బుడగ అనుకుని బ్రేకును పదే పదే బ్లీడ్ చేస్తుంటారు.

నాలుగు పిస్టన్లూ ఒకేసారి కదలడం కూడా ఇలాంటిదే. చక్రం తీసి, ప్యాడ్లు తీసి, పిస్టన్లు కొద్దిగా బయటికి వచ్చేలా లివర్ మెల్లగా నొక్కాను. ఒకటి బద్ధకంగా ఉంది. మిగతా మూడింటినీ ప్లాస్టిక్ పట్టీలతో ఆపి దాన్నొక్కదాన్నే ముందుకూ వెనక్కూ నడిపించి, అంచుకు మినరల్ ఆయిల్ చుక్క రాసి తుడిచాను. ఇప్పుడు నాలుగూ కలిసి వస్తున్నాయి.

సోమవారం, సాయంత్రం

గొట్టం కోత, బ్లీడింగ్. గొట్టాన్ని కొలిచేటప్పుడు హ్యాండిల్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడాలి. ట్రయల్స్‌లో బైక్ పడినప్పుడు హ్యాండిల్ చాలా ఎక్కువ తిరుగుతుంది, పొట్టి గొట్టం లివర్ దగ్గర ఊడొస్తుంది. కోత నిటారుగా ఉండాలి. లోపల దూర్చే పిన్ను, చుట్టూ నలిగే ఇత్తడి రింగు కొత్తవే వాడాలి.

కాలిపర్ దగ్గర ద్రవం నింపిన సిరంజి, లివర్ దగ్గర ఖాళీ సిరంజి. పిస్టన్ల మధ్య పసుపు ప్లాస్టిక్ దిమ్మె. కింద నుంచి మెల్లగా తోసి, కొంచెం వెనక్కి లాగి, గొట్టం పొడవునా వేలితో తడుతూ పోయాను. బుడగలు రావడం ఆగాక కూడా లివర్‌ను నొక్కి టక్కున వదలడం ముఖ్యం, మాస్టర్ సిలిండర్‌లో (లివర్ దగ్గర ద్రవాన్ని తోసే గొట్టంలో) దాక్కున్న చిన్న బుడగలు అప్పుడే కదులుతాయి. లివర్ దగ్గరి స్క్రూ 0.5 న్యూటన్ మీటరే. వేళ్లతో అందేంత బిగుతు. దాన్ని బలంగా తిప్పితే ప్లాస్టిక్ మర పోతుంది.

హెచ్‌ఎస్33లో నూనె బదులు నీళ్లు, చలిప్రాంతాల్లో యాంటీఫ్రీజ్ కలిపిన నీళ్లు పోసి నడపడం ట్రయల్స్ వాళ్లకు పాత అలవాటు. నీరు పలచగా ఉండి లివర్ తేలిగ్గా తిరిగివస్తుంది. రిమ్ బ్రేకులో అది నడిచింది. డిస్క్ బ్రేకులో మాత్రం వద్దు. ఒక్క పొడవాటి వాలు దిగితే చాలు, కాలిపర్ వేడెక్కి నీరు ఆవిరవుతుంది, లివర్ ఖాళీగా పోతుంది.

బుధవారం

కొత్త ప్యాడ్లు, కొత్త డిస్క్. లివర్ రాయిలా ఉంది. అయినా గోడకు చక్రం ఆనించి ఊపితే జారుతోంది. నాతో పాటు సాధన చేసే కుర్రాడు ఎక్కి చూసి, "అన్నా, దీనికన్నా నీ పాత రిమ్ బ్రేకే నయం కదా" అన్నాడు. "ఇంకా పదును పట్టలేదురా, ఆగు" అన్నాను.

కొత్త డిస్క్ మీద ప్యాడ్ పదార్థం పలచటి పొరగా అంటుకునేదాకా అసలైన పట్టు రాదు. అందుకే సుమారు 30 కి.మీ. వేగం నుంచి గట్టిగా ఆపుతూ 30 సార్లు చేయమని మగూరా చెబుతుంది. ట్రయల్స్ బైక్‌తో చిక్కు ఇక్కడే వస్తుంది. నా గేరు ముందు 18 పళ్లు, వెనక 15. పెడల్ ఒక చుట్టు తిరిగితే బైక్ రెండున్నర మీటర్లు పోతుంది. నిమిషానికి 100 చుట్లు తొక్కినా గంటకు 15 కి.మీ. దాటదు. సీటు కూడా లేదు. ఇలా తొక్కి ప్యాడ్లకు పదును పెట్టాలంటే ప్యాడ్లు పట్టు తెచ్చుకోవడానికి బదులు నున్నగా మెరిసిపోతాయి. ట్రయల్స్‌లో డిస్క్ బ్రేకు బాగా లేదని వదిలేసినవాళ్లలో చాలామందికి అసలు కారణం ఇదేనని నా గట్టి నమ్మకం.

నా మౌంటెన్ బైక్ ముందు చక్రానికి కూడా ఇలాంటి నాలుగు పిస్టన్ల కాలిపరే, 180 డిస్కే ఉంది. ట్రయల్స్ డిస్క్‌నూ ప్యాడ్లనూ తీసి దానికి బిగించాను. ప్యాడ్ల వెనక కుడి, ఎడమ అని గుర్తు పెట్టుకున్నాను.

గురువారం

పొడవాటి వాలు మీద పని పూర్తి. వేగం అందుకోవడం, చక్రం పూర్తిగా ఆగకముందే లివర్ వదలడం, మళ్లీ వేగం. పూర్తిగా ఆపి నొక్కి పట్టుకుంటే వేడి ప్యాడ్ ఆకారం డిస్క్ మీద మచ్చలా పడుతుంది, ఆ తర్వాత అక్కడ పట్టు తేడాగా ఉంటుంది. మొదట్లో లివర్ ఎంత నొక్కినా బైక్ తీరికగా ఆగేది. చివరికి ఒక వేలితో వెనక చక్రం లేవడం మొదలైంది. డిస్క్ మీద వెండి మెరుపు పోయి సమానమైన బూడిద రంగు పొర వచ్చింది.

శుక్రవారం

డిస్క్, ప్యాడ్లు మళ్లీ ట్రయల్స్ బైక్‌కు. ఈసారి పట్టును కొలవాలనుకున్నాను.

బైక్‌ను స్టాండుకు కట్టి, లివర్ బ్లేడు బార్‌కు సరిగ్గా పైన వచ్చేలా తిప్పి, దాని చివర నీళ్ల డబ్బా వేలాడదీశాను. ఇలా చేస్తే ప్రతిసారీ లివర్ మీద ఒకే బలం. టైరు, రిమ్ రెండింటినీ కలిపి పట్టీ చుట్టి, దానికి సామాన్లు తూచే కొక్కెం తరాజు తగిలించి, చక్రం జారేదాకా లాగాను. ముందుకు ఒకసారి, వెనక్కి ఒకసారి. నా లివర్, నా డబ్బా మీద వచ్చిన అంకెలు ఇంకో బైక్‌కు పనికిరావు కాబట్టి పోలిక మాత్రమే రాస్తున్నాను. పదును పట్టిన ఆర్గానిక్ (రెసిన్‌తో చేసిన మెత్తటి రకం) ప్యాడ్లదే పైచేయి. అదే పద్ధతిలో పదును పెట్టిన సింటర్డ్ (లోహపు పొడితో చేసిన గట్టి రకం) ప్యాడ్లు చల్లగా ఉన్నప్పుడు దానికన్నా ముందే జారాయి. సింటర్డ్ ప్యాడ్ అసలు బలం వేడెక్కాక తెలుస్తుంది. ట్రయల్స్‌లో అది వేడెక్కే దాకా ఎవరు ఆగుతారు?

వెనక్కి లాగినప్పుడు పట్టు ముందుకన్నా ఒక పిసరు తక్కువ. ప్యాడ్లు, డిస్క్ పొర అన్నీ ముందుకు తిరిగే వాలు మీదే తయారయ్యాయి కాబట్టి ఇది అర్థం చేసుకోదగినదే. మెల్లటి వాలు మీద బైక్‌ను వెనక్కి దొర్లనిస్తూ బ్రేకు లాగి పెడుతూ కొంతసేపు చేశాక ఆ తేడా తరాజుకు దొరకనంతకు తగ్గింది.

శనివారం, ఉదయం

రాత్రి రెండు లివర్లనూ రబ్బరు పట్టీతో బార్‌కు బిగించి వదిలాను. వెనకది ఉదయానికి అంగుళం కూడా కదల్లేదు. ముందు బ్రేకు పాతది, డాట్ ద్రవంతో నడిచే సెట్. దాని లివర్ దాదాపు బార్‌ను తాకుతోంది. బయట ఎక్కడా తడి లేదు. అంటే మాస్టర్ సిలిండర్ లోపలి సీల్ దాటి ద్రవం దాన్ని నిలవ ఉంచే రిజర్వాయర్‌లోకి పోతోంది. తొక్కుతున్నప్పుడు ఇది తెలియదు, ఎందుకంటే నొక్కి వదిలేస్తాం. ట్రయల్స్‌లో ముందు చక్రాన్ని అంచుకు తగిలించి, బ్రేకు పట్టుకుని, ఊపిరి తీసుకుని, ఆ తర్వాత వెనక చక్రాన్ని లాగుతాం. అంతసేపూ లివర్ మెల్లగా మునుగుతూ ఉంటే చివరికి వేలు బార్‌కు తగులుతుంది. ముందుకు కూడా ఎంటీ5 తెప్పిస్తున్నాను. బైక్ మొత్తానికి ఒకే ద్రవం, ఒకే సిరంజీల సెట్ అయిపోతుంది, అదీ మంచిదే.

తర్వాతి ఆదివారం

రెండు బ్రేకులూ అమరాయి. లివర్ల స్థానం చూడటానికే ఒక పూట పట్టింది, అది వృథా కాదు.

మామూలుగా చెప్పేది, నిలబడి చేతులు చాచితే వేళ్లు ఎటు పోతాయో అటు లివర్ వంచాలని. ట్రయల్స్‌లో కష్టమైన క్షణం వెనక చక్రం మీద ఉన్నప్పుడు వస్తుంది: చేతులు నిటారుగా, బార్ తొడల దగ్గర, మణికట్టు వేరే కోణంలో. ఆ భంగిమలో గోడకు ఆనుకుని నిలబడి, వెనక లివర్‌ను అప్పటికి సరిపోయేలా కొంచెం పైకి తిప్పాను. బిగింపు పట్టీని గ్రిప్ నుంచి లోపలికి జరిపి, చూపుడు వేలు బ్లేడు చివరి వంపు మీద పడేలా చేశాను. వేలు చివరికి పోయేకొద్దీ మీట పొడవు పెరుగుతుంది, తక్కువ బలంతో ఎక్కువ పట్టు. లివర్ బిగింపును 4 న్యూటన్ మీటర్ల హద్దుకు కొంచెం లోపే ఉంచాను. కింద పడినప్పుడు లివర్ తిరిగిపోవాలి, విరగకూడదు.

పట్టు మొదలయ్యే చోటు గురించి వాదనలున్నాయి. బార్‌కు దూరంగా ఉండాలని కొందరు, దగ్గరగా ఉండాలని కొందరు. వేలు సగానికి పైగా ముడిచినప్పుడు దానికి బలం ఎక్కువ, ముంజేయి తక్కువ అలుస్తుంది. కాబట్టి నాకు దగ్గరే ఇష్టం. గట్టిగా నొక్కినా బ్లేడుకూ గ్రిప్‌కూ మధ్య ఒక వేలి మందం మిగిలేలా పెట్టాను.

కుర్రాడు మళ్లీ ఎక్కాడు. వెనక చక్రం మీద లేచి, అక్కడే గెంతుతూ ముందుకు, వెనక్కు కదిలాడు. దిగి, "అన్నా, ఇది ఎక్కడ ఆపితే అక్కడే ఉంటోంది. నా బైక్‌కు కూడా చేద్దామా?" అన్నాడు. వాడిది 20 అంగుళాలది. 160 డిస్క్ చాలని చెప్పాను, చక్రం అల్లే పని మాత్రం వాడినే నేర్చుకోమన్నాను.

బుధవారం

తడి. వానకు నానిన రాళ్ల మీద ఇదే మొదటిసారి. నీటి పొర ఉన్నప్పుడు ఆర్గానిక్ ప్యాడ్ మొదటి పట్టు నిజంగానే తగ్గుతుంది. గెంతడానికి ముందు లివర్‌ను ఒకటి రెండు సార్లు తేలిగ్గా లాగి చక్రాన్ని కొద్దిగా దొర్లనిస్తే ప్యాడ్లు నీటిని తుడిచేస్తాయి, పట్టు తిరిగి వస్తుంది. అదే రోజు బురదలో ప్యాడ్లు కంటికి కనిపించేంతగా అరిగాయి. మెత్తటి ప్యాడ్‌కు ఇది తప్పని ఖర్చు. ముందు చక్రానికి సింటర్డ్ వేసి చూశాను, తడిలో అక్కడ అది బాగానే నిలబడుతోంది. ముందు బ్రేకు కదిలే చక్రాన్ని ఆపే పని కూడా చేస్తుంది కాబట్టి దానికి కాస్త వేడి అందుతుంది. వెనకకు ఆర్గానిక్, ముందుకు సింటర్డ్ అని ప్రస్తుతానికి నిర్ణయించాను.

కడిగేటప్పుడు డిస్క్ మీద ప్లాస్టిక్ సంచి చుట్టడం, గొలుసుకు నూనె స్ప్రే వాడకుండా చుక్క చుక్కగా వేయడం, డిస్క్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మాత్రమే తుడవడం. నూనె తగిలిన ఆర్గానిక్ ప్యాడ్‌ను మంట మీద కాల్చి బాగుచేయాలని చూడటం నాకు ఇష్టం లేదు. పై పొర నున్నబడితే గాజు పలక మీద శాండ్‌పేపర్ పరిచి రుద్ది, మళ్లీ వాలు మీద పదును పెడతాను. నూనె పీల్చుకుంటే మాత్రం పారేస్తాను.

శనివారం

వెనక డిస్క్ అడుగు అంచు రాయికి తగిలి వంగింది. ప్యాడ్ల మధ్య ఒకచోట "స్ స్" అని రాసుకుంటోంది. నూనె అంటని పానాతో, కాగితం చుట్టి, కొంచెం కొంచెంగా వంచి సరిచేశాను, లివర్ నడక మళ్లీ మునుపటిలా ఉంది. మందం మైక్రోమీటర్‌తో 1.95. రాళ్ల దెబ్బ తట్టుకునే బాష్ ప్లేట్ లాంటి రక్షణ ఏదైనా ఎడమ వైపు చెయిన్‌స్టే (వెనక ఇరుసు దాకా పోయే ఫ్రేము గొట్టం) కింద బిగించవచ్చేమో రేకు కోసి చూడాలి. కాలిపర్ బోల్టులకు పెయింట్ గీతలు పెట్టాను, కదిలితే వెంటనే తెలిసేలా. ఇప్పటిదాకా రెండు గీతలూ కలిసే ఉన్నాయి.